పాత కంప్యూటర్‌కి ఏ లైనక్స్? మా నాలుగు మెషీన్ల మీద చూసి చెబుతున్నది

2025 దసరా వెళ్లిన రెండు వారాలకి రాజోలు దగ్గర ఉండే మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, కంప్యూటర్ తెరిస్తే తెర నిండా ఏదో నోటీసు వస్తోంది. ఇంక దీని పని అయిపోయిందంట. పాత సామాన్ల బండికి వేసేయమంటావా?" అంది. వేయొద్దు, ఆదివారం వస్తాను అని చెప్పాను.

ఆ నోటీసు విండోస్ 10 గురించి. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు గడువిచ్చింది. కంప్యూటర్ ఆ రోజుతో ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు కాబట్టి దాని మీద బ్యాంకు పని చేయడం మంచిది కాదు. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. మన ఊళ్లలో పిల్లల ఇంజినీరింగ్ చదువు కోసం 2010, 2012 ప్రాంతాల్లో కొన్న కంప్యూటర్లలో ఈ రెండూ ఉండవు. పిల్లలు చదువులయ్యాక హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయారు. కంప్యూటర్లు మాత్రం ఇళ్లలోనే ఉండిపోయాయి.

అప్పటి నుంచి నాలుగు పాత మెషీన్ల మీద ఆరేడు లైనక్స్ డిస్ట్రోలు పెట్టి చూశాను. లైనక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే సిస్టమ్, డిస్ట్రో అంటే దానిలో ఒక రకం. పిన్ని వాళ్ల కోర్ టూ డ్యువో (ఇంటెల్ పాత ప్రాసెసర్) డెస్క్‌టాప్, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మావయ్య ల్యాప్‌టాప్, మా అటక మీద పడున్న చిన్న నెట్‌బుక్, పాలకొల్లులో ట్యూషన్ చెప్పే ఒక మేడమ్ గారి ఇంట్లో హార్డ్‌డిస్క్ పోయిన డెస్క్‌టాప్. వీటి మీద నాకు అర్థమైనది ఇది. "అన్నిటికన్నా తేలికైన లైనక్స్ ఏది?" అని మొదలుపెడితే దారి తప్పుతాం. దాని ముందు రోజూ కూర్చునేది ఎవరో, వాళ్లకి ఏదైనా అడ్డం తిరిగితే సాయం చేసేది ఎవరో ముందు చూసుకోవాలి. ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) సంగతి ఆ తర్వాత. డిస్ట్రో పేరు అన్నిటికన్నా చివర.

ముందు క్యాబినెట్ మూత తీయండి

కొత్త సిస్టమ్ వేసే తొందరలో చాలామంది ఈ పని వదిలేస్తారు. మన గోదావరి డెల్టాలో మాత్రం వదలకూడదు. సఖినేటిపల్లి, నరసాపురం వైపు ఇళ్లకి సముద్రం గాలి తగులుతుంది, మిగతా చోట్ల కాలవలూ వరి చేలూ చెరువులూ. ఏడాదిలో సగం రోజులు గాలిలో తేమే. ఆ తేమకి ర్యామ్ ముక్కల మీదున్న బంగారు రంగు పళ్లు మసకబారతాయి. పిన్ని వాళ్ల కంప్యూటర్‌లో 1 జీబీ ముక్కలు రెండున్నా సిస్టమ్‌కి ఒక్కటే కనిపించింది. ప్లగ్ పీకి, రెండు ముక్కలూ తీసి, పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లు మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కాను. రెండూ పలికాయి. పైసా ఖర్చు లేకుండా ర్యామ్ రెట్టింపయింది.

మూత తీసినప్పుడే ఇంకో రెండు చూడండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. బల్లి గుడ్లు, చీమల మట్టి కూడా కనబడొచ్చు. బ్రష్‌తో శుభ్రం చేయండి. తర్వాత మదర్‌బోర్డ్ మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి వెబ్‌సైట్‌నీ సురక్షితం కాదంటుంది. లైనక్స్ పెట్టాక ఇంటర్నెట్ రావడం లేదని నాకొచ్చిన ఫోన్లలో రెండింటికి కారణం ఈ బ్యాటరీయే.

డబ్బు పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు పెట్టుకునే వేగమైన డిస్క్) మీద పెట్టండి. మావయ్య ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ ఉన్నంతకాలం ఏ డిస్ట్రో వేసినా బ్రౌజర్ తెరుచుకునేలోపు ఆయన టీ తాగొచ్చేవారు. చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఆ ఎదురుచూపు పోయింది. డిస్ట్రో మార్చితే వచ్చే తేడా దీని ముందు చాలా చిన్నది. ర్యామ్ కొనేటప్పుడు బోర్డు పేరు చూసుకోవాలి. అప్పట్లో ఎక్కువగా అమ్ముడైన ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డులు 4 జీబీకి మించి తీసుకోవు. జీ41 అయితే 8 జీబీ వరకు తీసుకుంటుంది, కానీ డీడీఆర్3 రకంలో 4 జీబీ ముక్క కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లున్నదే కొనండి. 8 చిప్‌ల ముక్క ఆ బోర్డు మీద నడవదు. కొట్టువాడు ఏదైనా ఒకటే అన్నా వినొద్దు.

32 బిట్టా, 64 బిట్టా

దారి చీలేది ఇక్కడే. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎంత పెద్ద అంకెని పట్టగలదో చెప్పేది ఈ బిట్ల లెక్క. కోర్ టూ డ్యువో, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లన్నీ 64 బిట్‌వే. విండోస్ 32 బిట్ వేసి ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ కూడా 32 బిట్ అనుకోకండి. పిన్ని వాళ్లది సరిగ్గా అలాంటిదే. పాత పెంటియమ్ 4లలో కొన్ని, 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 నెట్‌బుక్‌లు మాత్రం నిజంగా 32 బిట్‌వి.

64 బిట్ అయితే దిగులు లేదు, ఎన్నుకోవడానికి చాలా ఉన్నాయి. 32 బిట్‌కి రోజులు దగ్గరపడుతున్నాయి, ఈ సంగతి దాచకుండా చెప్పాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ అనే డిస్ట్రో 13వ వెర్షన్ ఆ రకం కంప్యూటర్లకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఆ కుటుంబంలో డెబియన్ 12 మీద కట్టినవే వాటికి మిగిలాయి. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్ తర్వాత 32 బిట్ లైనక్స్‌ని వదిలేసింది. దీర్ఘకాలిక రకమైన ఈఎస్‌ఆర్ 140కి మాత్రం 2026 సెప్టెంబర్ వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. గూగుల్ క్రోమ్ అయితే 2016లోనే వదిలేసింది. అందుకని 32 బిట్ మెషీన్ మీద ఇక బ్యాంకు లావాదేవీలు పెట్టుకోవద్దనే నా సలహా. పాటలు వినడానికీ, టైపింగ్ నేర్చుకోవడానికీ, పిల్లలకి జీకాంప్రీ లాంటి ఆటల చదువుకీ అది ఇంకా బాగా పనికొస్తుంది.

ర్యామ్ తినేది బ్రౌజర్

డిస్ట్రోల పోలికలో ఎక్కువగా కనబడే అంకె, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ర్యామ్ వాడుతోందన్నది. యాంటిఎక్స్ అనే డిస్ట్రో 300 ఎంబీ లోపే సర్దుకుంటుంది. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, అంటే మింట్ అనే డిస్ట్రోలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ (తెర మీది మెనూలూ కిటికీల ఏర్పాటు) ఉన్న రకం అయితే అర జీబీ దాటుతుంది. ఈ తేడా నిజమే. కానీ యూట్యూబ్ ఒక ట్యాబ్‌లో, మెయిల్ ఒక ట్యాబ్‌లో తెరిచారంటే ఫైర్‌ఫాక్స్ ఒక్కటే జీబీ దాటేస్తుంది, ఏ డిస్ట్రో మీదైనా అంతే. 1 జీబీ ర్యామ్ ఉన్నచోట ఆ మిగులు ప్రాణాధారం. 4 జీబీ ఉన్నచోట దానికోసం ఇంట్లోవాళ్లకి అర్థంకాని మెనూలు అంటగట్టడం అనవసరం.

కోర్ టూ డ్యువో కాలం మెషీన్లలో యూట్యూబ్ ఆగిఆగి రావడానికి కారణం కూడా డిస్ట్రో కాదు. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9 లాంటి కొత్త పద్ధతుల్లో వీడియో పంపుతుంది. దాన్ని విప్పే శక్తి ఆ పాత గ్రాఫిక్స్‌కి లేక బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో వీడియోని పాత పద్ధతిలో తెప్పించే హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ పెట్టి నాణ్యత 480కి దించండి. పిన్ని చూసే భజనలూ ప్రవచనాలూ ఇప్పుడు తడబడకుండా నడుస్తున్నాయి.

4 జీబీ ఉంటే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ

విండోస్ తప్ప మరొకటి చూడని మనిషికి ఇవ్వాలంటే, 64 బిట్ ప్రాసెసరూ 4 జీబీ ర్యామూ ఉంటే, నేను వేరే ఆలోచన లేకుండా లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెడతాను. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అన్నీ అలవాటైన చోటే ఉంటాయి. 2 జీబీ కనీసం ఉండాలనీ 4 జీబీ ఉంటే హాయి అనీ మింట్ వాళ్లే చెబుతారు. ఆ మాట నిజమే.

మింట్‌లో సినమన్ అనే అందమైన రకం కూడా ఉంది. మావయ్య ల్యాప్‌టాప్ 3వ తరం ఐ3, 4 జీబీ. ముందు దాని మీద సినమనే వేశాను. నడిచింది కానీ కిటికీలు మార్చినప్పుడల్లా చిన్న తడబాటు. సినమన్ తెర మీది ప్రతి కదలికనీ గ్రాఫిక్స్ చేత చేయిస్తుంది, పాత చిప్‌కి అది బరువు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ హంగులు పూర్తిగా ఆపేసుకోవచ్చు.

మింట్ 22 వరసకి 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. దూరాన ఉండి చుట్టాల కంప్యూటర్ చూసుకునేవాళ్లకి ఈ తేదీ చాలా ముఖ్యం. అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే వెనక్కి తీసుకెళ్లే టైమ్‌షిఫ్ట్ కూడా అందులోనే ఉంది. ఇన్‌స్టాల్ అవగానే దాన్ని ఆన్ చేయడం మరిచిపోకండి. మావయ్య కొబ్బరి లెక్కల ఎక్సెల్ ఫైళ్లు లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరిచాం. కూడికలూ సూత్రాలూ అలాగే వచ్చాయి. ఎవరో రాసిచ్చిన ఒక మ్యాక్రో (బటన్ నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రామ్) మాత్రం నడవలేదు. "అల్లుడూ, ఆ బటన్ పోతే పోయింది గానీ కాయల లెక్క తేడా రాకూడదు" అన్నారు. వారం రోజులు పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆ తర్వాతే పూర్తిగా మారారు. లెక్కలున్న ప్రతి ఇంట్లోనూ అలా చేయమనే చెబుతాను.

2 జీబీ దగ్గర ఎంఎక్స్, లుబుంటు, డెబియన్

పిన్ని కంప్యూటర్ 2 జీబీ. దీని మీద మూడు వేసి చూశాను.

లుబుంటు ముందు వేశాను. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలిక డెస్క్‌టాప్ దీనిది, చూడ్డానికి పాత విండోస్‌లా శుభ్రంగా ఉంటుంది. రెండు విషయాలు నాకు నచ్చలేదు. ఇది ఉబుంటు అనే డిస్ట్రో కుటుంబంలోది, ఆ కుటుంబంలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే పద్ధతిలో వస్తుంది. హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్‌లో మొదటిసారి తెరిచినప్పుడు అది చాలాసేపు తీసుకుంటుంది. రెండోది, లుబుంటు 24.04కి అప్‌డేట్లు మూడేళ్లే, అంటే 2027 ఏప్రిల్ వరకు. అదే కుటుంబంలోని జుబుంటుకీ ఈ రెండూ వర్తిస్తాయి. పక్కన తెలిసిన మనిషి ఉన్న ఇంట్లో ఇవి పెద్ద అడ్డంకులు కావు.

తర్వాత నేరుగా డెబియన్ వేశాను. 1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు ఇది. ఇక్కడ నేను చెబుతున్నవాటిలో చాలా వాటికి తల్లివేరు కూడా ఇదే. డెబియన్ 12 నుంచి వైఫై వంటివాటికి కావలసిన ఫర్మ్‌వేర్ (ఆ పరికరాల్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది, కాబట్టి పాత కష్టం తీరింది. ఒక్కసారి కుదురుకుంటే ఏళ్ల తరబడి కదలదు. కానీ కొత్తవాళ్లని చేయిపట్టి నడిపించే ఏర్పాట్లు తక్కువ. మీకే లైనక్స్ బాగా వచ్చి, మీరే చూసుకునేదయితే డెబియన్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చక్కని ఎంపిక. పిన్నికి కాదు.

చివరికి అక్కడ నిలిచింది ఎంఎక్స్ లైనక్స్. ఇదీ డెబియన్ మీద కట్టిందే, డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. దీని పట్టీ తెరకి ఎడమ పక్కన నిలువుగా ఉంటుంది. పిన్నికి అది చూడగానే కంగారొచ్చింది. ఎంఎక్స్ ట్వీక్ అనే పరికరంతో దాన్ని నిమిషంలో కిందికి తెచ్చేశాను. అంత చిన్న మార్పుతో ఆమె ముఖంలో టెన్షన్ పోవడం నేను కళ్లారా చూశాను. ర్యామ్‌ని కుదించి వాడుకునే జెడ్‌ర్యామ్ కూడా పెట్టాను. 2 జీబీ మెషీన్ మీద ఇది తప్పకుండా పెట్టుకోవలసింది. ఇప్పుడు కువైట్‌లో ఉన్న మా చెల్లెలితో బ్రౌజర్‌లోనే వీడియో కాల్ మాట్లాడుతోంది. ఆ సమయంలో వేరే ట్యాబ్‌లు తెరవొద్దని చెప్పాను, ఆ ఒక్కటీ పాటిస్తోంది.

ఎంఎక్స్‌ని నేను ఇష్టపడటానికి ఇంకో పెద్ద కారణం ఎంఎక్స్ స్నాప్‌షాట్. మీరు సిద్ధం చేసిన సిస్టమ్‌ని, తెలుగు ఫాంట్లు, కీబోర్డు, బుక్‌మార్కులతో సహా, ఒక ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ నకలు) ఫైల్‌గా మార్చి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి ఇంకో ఇంట్లో అలాగే వేయొచ్చు. సంక్రాంతి సెలవులకి ఊరొచ్చి నలుగురు చుట్టాల కంప్యూటర్లు బాగుచేయాల్సిన వాళ్లకి దీనంత ఉపకారం మరొకటి లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఎంఎక్స్ 25 నుంచి 64 బిట్ మాత్రమే. 32 బిట్ కావాలంటే ఎంఎక్స్ 23 తీసుకోవాలి.

1 జీబీ అయితే యాంటిఎక్స్

అటక మీది నెట్‌బుక్ ఆటమ్ ఎన్270, 1 జీబీ. దాని చిప్‌సెట్ 2 జీబీకి మించి ఒప్పుకోదు. దీని మీద మనశ్శాంతిగా నడిచింది యాంటిఎక్స్ 23 ఒక్కటే. బరువైన డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్ వాడుతుంది. డెబియన్ 12 నుంచి వచ్చింది, 32 బిట్ రకం ఉంది.

కానీ దీని మెనూలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి, ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రామ్‌లు కనబడతాయి. పెద్దవాళ్ల చేతికి దీన్ని నేరుగా ఇవ్వకండి. నేను తెర మీద నాలుగే నాలుగు బొమ్మలు ఉంచాను: పాటలు, టైపింగ్, ఆటలు, ఆపు. మూడో తరగతి చదివే మా అన్నయ్య కూతురు ఆ నాలుగింటితో సంతోషంగా ఉంది.

హార్డ్‌డిస్క్ లేకపోతే పప్పీ

ట్యూషన్ మేడమ్ గారి డెస్క్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ పూర్తిగా పోయింది. కొత్తది కొనే ఆలోచన ఆవిడకి లేదు. పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు చూపించడం, తెలుగులో నోట్స్ టైప్ చేయడం, అంతే ఆవిడ అవసరం. ఇక్కడ పప్పీ లైనక్స్‌కి సాటి లేదు. ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన ఈ డిస్ట్రో పెన్‌డ్రైవ్ నుంచి లేచి మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. అందుకే చాలా చురుగ్గా ఉంటుంది. డెబియన్ 12 నుంచి చేసిన బుక్‌వర్మ్‌పప్64 అనే రకం పెట్టాను.

దీని పద్ధతి మిగతావాటికి పూర్తిగా వేరు. చేసిన పని పెన్‌డ్రైవ్‌లోని సేవ్ ఫైల్‌లోకి వెళ్తేనే నిలుస్తుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటివరకు భద్రం కానిది పోతుంది. పైగా మామూలుగా అన్ని హక్కులున్న రూట్ వాడుకరిగానే నడుస్తుంది. కాబట్టి నలుగురు పిల్లలు చేతులు పెట్టే చోట జాగ్రత్త. ఆవిడ నోట్స్ మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోమన్నాను.

మిగతావి క్లుప్తంగా. మామూలు ఉబుంటు గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వస్తుంది, ఈ వయసు మెషీన్లకి బరువు. జోరిన్ చూడ్డానికి విండోస్‌లా ముచ్చటగా ఉంటుంది, 8 జీబీ ఉంటే ఆలోచించండి. గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్‌కి 4 జీబీ చాలు, కానీ అంతా గూగుల్ ఖాతా చుట్టూ తిరుగుతుంది, నెట్ పోతే చేయగలిగింది తక్కువ. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ లైనక్స్ భారతీయ భాషల కోసం డెబియన్ మీద చేసింది. తెలుగు ఇప్పుడు మింట్, డెబియన్‌లలోనూ చక్కగా ఉంది కాబట్టి భాష కోసమే దాన్ని వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు ఎలా కుదురుతుంది

నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. తెలుగు సరిగ్గా కనబడని కంప్యూటర్ మన పెద్దవాళ్లకి పరాయిదే. మింట్‌లో భాషల సెట్టింగులకి వెళ్లి తెలుగు ఎంచుకుంటే ఫాంట్లు, మెనూల అనువాదం వచ్చేస్తాయి. యాంటిఎక్స్, పప్పీలలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంట్ వేసుకోండి. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్‌లో దొరుకుతాయి. చదవడానికి పోతన నాకెంతో ఇష్టం.

టైపింగ్‌కి, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) వచ్చినవాళ్లు కీబోర్డు సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్, దానితో పాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ కావాలి. అలా కొట్టే పద్ధతులు ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ రెండూ అందులో ఉన్నాయి. ఫోన్‌లో లాగా పదాలు ఊహించి ఇవ్వదు. మొదటి వారం విసుగొస్తుంది, తర్వాత చేయి తిరుగుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపు ఉంటే ఆ మెషీన్‌ని మార్చకండి. మా ఊళ్లో ఒక షాపాయన ఉత్సాహపడి నన్ను పిలిచారు. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ చూపించాను. "ఆయ్, అంతా బావుందండి, మరి నా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఎక్కడండీ?" అని అడిగారు. ఆయన దగ్గరున్నవి విండోస్ కోసం చేసినవి, లైనక్స్ కోసం కాదు. పైగా అను ఫాంట్లలో దాచిన పాత ఫైళ్లు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షర పద్ధతిలో) ఉండవు, వేరేచోట తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఆయన పదిహేనేళ్ల పనంతా అందులో ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండా వచ్చేశాను. ఆ మెషీన్‌ని నెట్ లేకుండా డిజైన్లకి మాత్రమే ఉంచి, మెయిల్‌కీ బ్యాంకుకీ వేరే పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేయమన్నాను. ట్యాలీ మీద నడిచే కొట్లకీ ఇదే సలహా.

ప్రింటర్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. హెచ్‌పీ వాటిలో చాలావరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో నడుస్తాయి. 1020 లాంటి చిన్న లేజర్లకి అదనపు ప్లగిన్ అడుగుతుంది, నెట్ ఉన్నప్పుడు వేసేసుకోండి. మన వైపు జిరాక్స్ షాపుల్లో బాగా కనిపించే ఇంకో కంపెనీ పాత లేజర్ ప్రింటర్ మాత్రం నన్ను రెండు రోజులు ఏడిపించింది, చివరికి వదిలేశాను. ఇంట్లో ప్రింటర్ రోజూ వాడేదయితే, అది లైనక్స్‌లో ఒక పేజీ తీసి చూపించాకే ముందుకి వెళ్లండి.

వేయకముందే నడిపి చూడటం

వెంటోయ్ అనే పరికరాన్ని 16 లేదా 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఒకసారి వేసుకుంటే, తర్వాత ఐఎస్ఓ ఫైళ్లని మామూలుగా కాపీ చేసుకుంటూ పోవచ్చు. మింట్, ఎంఎక్స్, యాంటిఎక్స్ మూడూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. కంప్యూటర్ లేచేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మరీ పాత బోర్డులు పెన్‌డ్రైవ్ నుంచి లేవవు, వాటికి డీవీడీ రాసుకోవాలి.

అలా లేచిన సిస్టమ్ హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోదు. అరగంట దాని మీదే కూర్చోండి, మీరు కాదు, రోజూ వాడబోయే మనిషిని కూర్చోబెట్టండి. వైఫై పట్టిందా, లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇస్తే వచ్చిందా. స్పీకర్లో శబ్దం వస్తోందా. మీభూమి వెబ్‌సైట్‌లో 1బీ తెరుచుకుందా. మూత మూసి తెరిస్తే ల్యాప్‌టాప్ మళ్లీ లేచిందా. డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి హార్డ్‌డిస్క్ ఆరోగ్యం ఏమంటోందో కూడా చూడండి. అది చెడుతున్నట్టు చెబితే దాని మీద ఏ సిస్టమూ వేయొద్దు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపేయి" అన్న ఎంపిక దగ్గర ఆగండి. ఆ డి డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు ఉంటాయి, ఎప్పుడో చనిపోయిన తాతగారి గొంతు ఉంటుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన పని కాకూడదు. నేను ఎక్కడికెళ్లినా ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి అన్నీ కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసి, ఆ తర్వాతే ఆ బటన్ నొక్కుతాను. విండోస్‌ని పక్కనే ఉంచుకోవాలంటే దానిలో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే ఆ డ్రైవ్‌ల మీద లైనక్స్‌ని రాయనివ్వదు.

కరెంటు కోతల సంగతి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను నరసాపురానికి దగ్గరలో తీరం దాటిన రాత్రి పిన్ని ఇంట్లో కంప్యూటర్ నడుస్తుండగానే కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కరెంటు వచ్చాక ఆమె భయపడుతూనే స్విచ్ వేసింది. ఎంఎక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ చేస్తున్న పనిని ముందుగా జర్నల్‌లో రాసుకుంటుంది, అలాంటి సమయంలో దాని సాయంతో తనే సర్దుకుంటుంది. సగంలో ఉన్న ఉత్తరం ఒకటి పోయింది, మిగతావన్నీ ఉన్నాయి. ఆ వారంలోనే యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను.